మంచి కబుర్ల శుక్రవారం

శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి ధర్మరాజు ఇంట్లో పెళ్ళిచూపులకున్నంత హడావుడి మొదలయ్యేది. కొబ్బరికాయల వలుపు పనిలో చేతులకంటిన మరకలు వదిలేదాకా తోముకుని, కూతురు శ్రీవాణికి స్నానం చేయించేవాడు. తలకి నూనె రాసి రెండు జడలు వేసేవాడు. జడలు మొదట్లో కొబ్బరితాళ్ళలా వచ్చేవి, రానురాను చెయ్యి తిరిగింది. ఉన్నవాటిలో మంచి గౌను తొడిగి, కుర్చీ తెచ్చి ఫ్రిజ్ పక్కన వేసేవాడు. ఆ ఫ్రిజ్ కువైట్ డబ్బుతో కొన్నది. ఫోనులో అది కనబడితే అక్కడున్న అతని భార్య లావణ్య మొహం వెలిగేది. ఇవతలి గోడ వానకి నాని పెచ్చులూడి ఉంది. అది కనబడకుండా కుర్చీ ఎంత జరపాలో అతనికి బాగా అలవాటైపోయింది. అన్నీ సర్దుకున్నాక పిల్లని ఎదురుగా నిలబెట్టి ఒకసారి అప్పజెప్పించుకునేవాడు.

"అమ్మ ఎలా ఉన్నావని అడిగితే?"

"బాగున్నాను."

"బడి?"

"బాగా చదువుతున్నాను."

"అన్నం?"

"తిన్నాను. కూర బాగుంది."

ఏడింటికి ఫోను మోగేది. లావణ్య అక్కడ ఇంటి పనికి కుదిరిన చోట యజమానురాలు వారానికి ఆ ఒక్క పూటే ఆమెకి తీరిక ఇచ్చేది. లావణ్య కూడా మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, ఎప్పుడూ ఒకే పూల కర్టెను ముందు కూర్చునేది. ఆ కర్టెను వెనక ఏముందో ధర్మరాజు ఎన్నడూ అడగలేదు. ఇక్కడ అందరూ బాగున్నారు, అక్కడ ఆవిడా బాగుంది. నవ్వుతూ మాట్లాడుకుని ఫోను పెట్టేసేవాళ్ళు. ఆ రాత్రి ధర్మరాజు, మోసిన బరువు దించినవాడిలా నిశ్చింతగా పడుకునేవాడు.

ఇది అతను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. కోనసీమలో గన్నవరం అక్విడెక్టు దాటి గోదావరి లంకల్లోకి దిగితే ప్రతి వీధిలోనూ కువైట్‌కో మస్కట్‌కో వెళ్ళిన మనిషి ఉన్న ఇళ్ళు నాలుగైదుంటాయి. దూరాన ఉన్నవాళ్ళకి కష్టం చెప్పకూడదన్నది ఆ ఇళ్ళన్నీ పాటించే మర్యాద. జ్వరం వస్తే తగ్గాక చెబుతారు. గేదె చచ్చిపోతే ఇంకో గేదెని కొన్నాక చెబుతారు. అక్కడ పరాయి ఇంట్లో, అడుగు బయటపెట్టే వీల్లేకుండా ఉన్న మనిషికి ఇక్కడి బెంగ కూడా ఎందుకు అంటారు. ఆ మాటలో ప్రేమ లేదని ఎవరూ అనలేరు.

ధర్మరాజు తండ్రి కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. ఒక వానాకాలం నాచుపట్టిన మాను మీద కాలు జారి పడ్డాడు. తుంటి విరిగి, ఆ తరువాత మంచం మీదే చాలాకాలం బతికాడు. కొడుకుని మాత్రం చెట్టు ఎక్కనివ్వనని తల్లి పట్టుబట్టింది. అందుకని ధర్మరాజు నేలమీదే ఉండి చేసే వలుపు పని నేర్చుకున్నాడు. నేలలో పాతిన గునపం మొనకి కాయని గుచ్చి, మెలితిప్పి డొక్క ఊడదీయడం ఆ పని. చూసేవాళ్ళకి ఆటలా ఉంటుంది, మధ్యాహ్నానికి నడుము విల్లులా వంగిపోతుంది. ఇరవై రెండేళ్ళప్పుడు ఖతర్ వెళ్ళి కట్టడాల్లో ఇనుపరాడ్లు వంచాడు. ఆ కంపెనీ మూతపడితే తిరిగివచ్చి మళ్ళీ గునపం దగ్గరే నిలబడ్డాడు. లావణ్యని చేసుకున్నాడు. ఆవిడ అతనికంటే చురుకు. సొంత ఇల్లు పునాది దగ్గరే ఆగిపోయి ఏళ్ళు గడుస్తుంటే, "మీరు వెళ్ళి వచ్చేరు కదా, ఈసారి నేను వెళ్తాను" అని ఆవిడే అంది. అప్పటికి శ్రీవాణికి అయిదేళ్ళు. ఇప్పుడు ఎనిమిది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒకరోజు బడిలో పెద్ద పంతులమ్మగారు అతన్ని పిలిపించారు. పిల్ల పిలిస్తే పలకడం లేదనీ, ఏం అడిగినా నవ్వి ఊరుకుంటోందనీ, మొండితనమో మందకొడితనమో అర్థం కావడం లేదనీ చెప్పారు. ధర్మరాజుకి పౌరుషం వచ్చింది. ఇంటికి వచ్చి, వాకిట్లో గచ్చకాయలాడుకుంటున్న పిల్లని ఎడంపక్క వెనకనుంచి పిలిచాడు. పలకలేదు. ఇంకోసారి గట్టిగా పిలిచాడు. తల తిప్పలేదు. కుడిపక్కకి వెళ్ళి పిలిస్తే చటుక్కున లేచి వచ్చింది.

దిండు గలీబు మీద ఎడంపక్క పసుపుపచ్చటి మరకలు అతను చాలాసార్లు చూశాడు. తలనూనె అనుకుని సబ్బు పెట్టి ఉతికేశాడు. అది చెవినుంచి కారిన చీము.

కొత్తపేటలో డాక్టరుగారు చెవి శుభ్రం చేసి, లోపల పొరకి చిల్లు పడిందనీ, చాలా నెలలు మందు వాడాలనీ, ఆ తరువాత కూడా ఆ చెవికి వినికిడి పూర్తిగా వస్తుందని తాను చెప్పలేననీ అన్నారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా అని అడిగారు.  బస్టాండులో పిల్లకి చెరకురసం ఇప్పించి, ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు.

"చెప్తే నీకు బెంగ కదా నాన్నా," అంది పిల్ల. అప్పజెప్పినట్టే, తడుముకోకుండా అంది.

ఈ సంగతి లావణ్య అన్న నాగసతీష్ చెవిన పడడానికి ఎంతోసేపు పట్టలేదు. అతనికి రాజోలులో టైల్స్ కొట్టుంది. మనిషి చెడ్డవాడు కాదు, చెల్లెలంటే ప్రాణం. మోటారు సైకిలు మీద వచ్చి, కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాడు. ఆడపిల్లని మగవాడొక్కడూ పెంచడం కుదిరే పని కాదనీ, అమలాపురంలో మంచి హాస్టలు ఉందనీ, ఖర్చు సగం తను పెట్టుకుంటాననీ చెప్పాడు. ధర్మరాజు అతని చేతులు పట్టుకున్నంత పనిచేశాడు. లావణ్యకి మాత్రం చెప్పొద్దని బతిమాలాడు.

"నేను తప్పు పట్టడం లేదు బావా," అన్నాడు నాగసతీష్. "కానీ పిల్లని చూడు, ఎలా అయిపోయిందో. జూన్‌లో బళ్ళు తెరిచేదాకా ఆగుతాను. అప్పటికీ ఇది ఇలాగే నోరు విప్పకుండా ఉంటే, చెల్లికి నేనే చెప్పి హాస్టల్లో వేసేస్తాను. ఆ తరువాత నన్నేమీ అనుకోవద్దు."

పిల్ల గుమ్మం పక్కన నిలబడి వింటూనే ఉంది. ఏ చెవితో ఎంత విందో తెలియదు. మేనమామని చూసి నవ్వింది.

పిల్లల పెంపకం తరగతులని ఒకటి జరుగుతోందని ధర్మరాజుకి చెప్పింది బడి పంతులమ్మగారే. బుధవారం బుధవారం, అంగన్‌వాడీ పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయాక, అదే గదిలో. ఏదో సంస్థ వాళ్ళు పెడుతున్నారు. ఇంట్లో తల్లి లేనివాళ్ళు, తండ్రి తాగుబోతయినవాళ్ళు, మనవల్ని సాకుతున్న ముసలివాళ్ళు, ఇలా ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళవాళ్ళు వస్తారట. ధర్మరాజు పని మధ్యాహ్నానికే అయిపోతుంది కాబట్టి వెళ్ళడానికి అడ్డులేదు. వెళ్ళాలంటే సిగ్గు మాత్రం ఉంది.

గదిలో ఉన్నవన్నీ చిన్నపిల్లల కుర్చీలు. ఆడవాళ్ళందరూ చాప మీద కూర్చున్నారు. ధర్మరాజు తలుపు దగ్గర ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. అతన్ని చూసి కనకరత్నం అనే పెద్దావిడ ముందే మొదలుపెట్టింది. ఆవిడ కూతుళ్ళిద్దరూ మస్కట్‌లో ఉన్నారు, వాళ్ళ పిల్లలు అయిదుగురూ ఈవిడ దగ్గరే.

"ఏమబ్బాయ్, దారి తప్పేవా? రేషను ఇచ్చేది అటేపు."

"లేదండి పిన్నిగారూ. పాఠానికే వచ్చేనండి."

"మరి గుమ్మంలో కూర్చున్నావేం? పారిపోవడానికి వీలుగానా?"

అందరూ నవ్వారు. పాఠం చెప్పే మాధురి కూడా నవ్వు ఆపుకుంది. ఆవిడ కాకినాడలో చదువుకున్న చిన్నపిల్ల, ఇంకా పెళ్ళికాలేదు. పిల్లల్ని కనకుండానే పెంపకం చెబుతోందని కనకరత్నం ఆవిడని ఎప్పుడూ ఆటపట్టిస్తుందని ధర్మరాజుకి తరువాత తెలిసింది. మొదటిరోజు అతను అడిగింది ఒకటే. తరగతులన్నీ అయ్యాక సర్టిఫికెట్ ఇస్తారాండీ అని. బావమరిదికి చూపించాలి. మాధురి అలాంటిదేమీ ఇవ్వరని చెప్పింది. అతను నిరాశపడ్డాడు గానీ మళ్ళీ బుధవారం వచ్చాడు. పిల్లల్ని కొట్టకుండా ఎలా దారిలో పెట్టాలి, నిద్ర ఎంత కావాలి, ఫోను చేతికి ఎంతసేపు ఇవ్వాలి, ఇవన్నీ విన్నాడు. కొన్ని నచ్చాయి. కొన్ని డబ్బున్నవాళ్ళ మాటల్లా అనిపించాయి. పిల్లతో రోజూ కాసేపు కూర్చోమంటే కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ టీవీ చూశారు.

వేసవి ముదిరాక ఒక బుధవారం మాధురి వాళ్ళచేత నాటకం ఆడించింది. ఒకరు పిల్ల, ఒకరు పెద్ద. ధర్మరాజుని తండ్రిగా ఉండమంది. కూతురి వేషం కనకరత్నం వేసింది. కొంగు నోట్లో పెట్టుకుని, పొట్ట పట్టుకుని, చాప మీద దొర్లుతూ, "నాన్నా, కడుపునొప్పి నాన్నా" అని మూలిగింది. గది గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ధర్మరాజు నవ్వకుండా వంగి ఆవిడ భుజం తట్టాడు.

"ఏం కాదులే అమ్మా. మొహం కడుక్కో. అమ్మ ఫోను చేస్తది."

నవ్వు ఉన్నట్టుండి సన్నగిల్లింది. అక్కడున్న ఆడవాళ్ళలో సగంమంది అదే మాట అనేవాళ్ళే. కనకరత్నం కూడా లేచి కూర్చుని, చీర సర్దుకుని, ఇందులో తప్పేముందని మాధురిని నిలదీసింది. అక్కడ ఏడుస్తూ కూర్చుంటే వాళ్ళు పని ఎలా చేస్తారు, ఒక్కోసారి అసలు చెప్పకపోవడమే మేలు కదా అంది. మాధురి అందరివంకా చూసింది. మీలో ఎవరైనా ఎప్పుడైనా అవతలిపక్క ఉన్నారా, దూరాన ఉండి మంచి కబుర్లే విన్నారా అని అడిగింది.

 ధర్మరాజు చెప్పాడు. తను ఖతర్‌లో ఉండగా తల్లికి జబ్బు చేసింది. తండ్రి ఫోనులో అమ్మ పొలం వెళ్ళిందనీ, గుడికి వెళ్ళిందనీ చెబుతూ వచ్చేవాడు. తను సరేనని పెట్టేసేవాడు. ఆవిడ పోయిన సంగతి, కర్మలన్నీ అయిపోయాక చెప్పారు. వచ్చినా చూసేందుకు ఏమీ మిగల్లేదు కాబట్టి తను రాలేదు కూడా.

"అప్పుడు మీకేమనిపించిందండీ?" అంది మాధురి.

 అతన్ని ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"మా నాన్న మీద కోపం రాలేదండి. బెంగపడతానని అలా చేసేరని తెలుసండి. కానీ ఆ తరువాత ఎవరు ఫోనులో బాగున్నామన్నా నేను నమ్మలేదండి. ఇప్పటికీ నమ్మనండి. మా ఆవిడ బాగున్నానంటే కూడా నమ్మను."

ఆ మాట నోట్లోంచి వచ్చాకే అది నిజమని అతనికి తెలిసింది.  వెళ్ళేటప్పుడు కనకరత్నం, పిల్లకి పెట్టమని సంచిలోంచి రెండు జామకాయలు తీసి అతని చేతిలో పెట్టింది.

ఈ శుక్రవారం పిల్లని తయారుచేయకుండా ఊరుకోండి, ఏమీ నేర్పకండి అని మాధురి చెప్పి పంపింది. వినడానికి సులువైన పనే. శుక్రవారం సాయంత్రం ధర్మరాజు అరుగు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ చేసే పని చేయకుండా ఊరుకోవడానికి, కాయలు వలిచినదానికంటే ఎక్కువ ఒళ్ళు నొప్పి పుట్టింది. లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే శ్రీవాణి తనే మొహం కడుక్కుంటోంది. తరువాత తనే గౌను తొడుక్కుంది. వీపు మీద గుండీలు అందక సగం వదిలేసింది. కుర్చీని రెండు చేతులతో ఈడ్చి సరిగ్గా ఫ్రిజ్ పక్కన, పెచ్చులూడిన గోడ కనబడకుండా వేసుకుని, అందులో కూర్చుని పెదవులు కదుపుతోంది. బాగున్నాను, బాగా చదువుతున్నాను, తిన్నాను.

ధర్మరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. తను మానేస్తే చాలదని అతనికి అప్పుడర్థమైంది. తను నేర్పినది పిల్లకి వచ్చేసింది. దాన్ని వదిలించాలంటే ముందు ఎవరో ఒకరు చెడ్డ కబురు చెప్పి చూపించాలి. చెబితే లావణ్య ఏమంటుందో అతనికి తెలుసు. రేపే అన్నకి ఫోను చేస్తుంది, జూన్ దాకా కూడా ఆగరు, పిల్ల హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఏడింటికి ఫోను మోగింది.

తీసి, పిల్ల చేతికి ఇవ్వకుండా తనే మాట్లాడాడు.

"లావణ్యా, నీకొక మాట చెప్పాలి. పిల్లకి ఎడంచెవి చెడిపోయింది. సంక్రాంతి ముందునుంచీ చీము కారింది. నేను చూసుకోలేదు. నీకు బెంగవుతుందని చెప్పలేదు."

లావణ్య మొహంలో నవ్వు అలాగే కొంతసేపు ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. తరువాత మొదలుపెట్టింది. నాలుగు నెలల సంగతి ఇప్పుడా చెప్పేది అంది. కళ్ళు ఎక్కడ పెట్టుకుని ఉన్నారంది. ఇల్లు వద్దు ఏమీ వద్దు, ఉన్న ఒక్క పిల్లనీ చూసుకోలేని మనిషిని నమ్మి వచ్చిన తనకి బుద్ధిలేదంది. ధర్మరాజు ఫోను కింద పెట్టలేదు. ఆవిడ ఏడుపు అతను ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాడు. పూల కర్టెను ఊగి, వెనక మెట్ల కింద ఇరుకు చోట మడతమంచం ఒకటి కనిపించింది.

శ్రీవాణి తండ్రిని చూసింది, ఫోనుని చూసింది. ఇల్లేమీ కూలిపోలేదు. కుర్చీ దిగి వచ్చి అతని మోచేతి కిందనుంచి తల దూర్చింది.

"అమ్మా, పడుకుంటే ఎక్కువ నొప్పొచ్చేది."

అవతల ఏడుపు ఆగింది. "ఏ పక్కమ్మా?"

"ఇటేపుది. కుండలో నీళ్ళు పోసినట్టు చప్పుడయ్యేది. ఇప్పుడు తగ్గింది కానీ నువ్వు మాట్లాడితే ఇటు సరిగా వినబడదు."

"చూపించు."

పిల్ల జడ పక్కకి తీసి చెవిని ఫోనుకి ఆనించేసింది. అవతల లావణ్యకి అంతా చీకటే కనబడి ఉంటుంది. అయినా తియ్యమనలేదు. ఏదో మెల్లగా చెబుతూ పోయింది. ధర్మరాజుకి ఆ మాటలు వినబడలేదు, వినడానికి ప్రయత్నించలేదు. గౌను వెనక వదిలేసిన గుండీలు ఒక్కొక్కటే పెడుతూ నిలబడ్డాడు.

అతను అనుకున్నట్టే ఆదివారం నాగసతీష్ వచ్చాడు. లావణ్య అతనికి శనివారం తోటి పనిమనిషి ఫోను అడిగి తీసుకుని మాట్లాడిందట. అతను వస్తూనే, హాస్టలువాళ్ళతో మాట్లాడేననీ, సీటు ఉందనీ చెప్పాడు. ధర్మరాజు తల వంచుకుని కూర్చున్నాడు. తను చేసిన పనికి ఇదే కూలి అనుకున్నాడు. నాగసతీష్ మేనకోడల్ని దగ్గరికి పిలిచి, అమలాపురంలో పెద్ద బడిలో చదువుకుంటావా అని ముద్దుగా అడిగాడు. శ్రీవాణి ఎప్పటిలాగే నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"నేను వెళ్ళను మావయ్యా. నాకు భయం."

అంతే అంది. అంతవరకూ ఆ పిల్ల ఏ పెద్దవాళ్ళకీ కాదని చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. నాగసతీష్ మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు. ఇక లావణ్యే తేల్చాలని, యజమానురాలు తిట్టినా ఫరవాలేదనుకుని, శనివారం వచ్చిన ఆ నంబరుకే ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. లావణ్య వంటింట్లో ఉంది, వెనకాల గిన్నెల చప్పుడు. అన్న చెప్పిందంతా వింది.

"అన్నయ్యా, హాస్టల్లో దీనికి చెవి నొప్పొస్తే ఎవరికి చెప్తది?"

"వార్డెనుంటదిగా."

"దీని సంగతి నీకు తెలీదు. బాగున్నానంటది. అందరం కలిసి దానికి అదే నేర్పేం." ఆవిడ గొంతు తగ్గించింది. "మొన్న మొదటిసారి నొప్పని చెప్పింది. వాళ్ళ నాన్న పక్కనుంటే చెప్పింది. అక్కడే ఉండనీ. ఆయన మీద నాకు కోపం పోలేదు, ఆ సంగతి వేరే."

"ఆయ్," అన్నాడు ధర్మరాజు.  నాగసతీష్ ఆ పూట అక్కడే భోజనం చేశాడు. పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పకుండా తిని, బండి ఎక్కేటప్పుడు చెప్పాడు.

ధర్మరాజు ఇప్పటికీ బుధవారం తరగతికి వెళ్తున్నాడు. కుర్చీ వదిలేసి చాప మీద కూర్చుంటున్నాడు. అంతా బాగుపడిపోయిందని అతను అనుకోవడం లేదు. పిల్ల ఎడంచెవి అలాగే ఉంది, బడిలో ముందు బెంచీలో కుడిచెవి పంతులమ్మ వైపు ఉండేలా కూర్చోబెడుతున్నారు. లావణ్య కొన్ని శుక్రవారాలు అసలు నవ్వదు. యజమానురాలి కొడుకు అరుస్తాడనీ, మోకాళ్ళు నొప్పిగా ఉంటున్నాయనీ, వచ్చే ఏడాది ఇక ఉండలేననిపిస్తోందనీ చెబుతుంది. అవి విన్న రాత్రి అతనికి సరిగా నిద్ర పట్టదు. పాత రోజులే హాయిగా ఉండేవేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది కూడా.

నిన్నటి శుక్రవారం అతను వంటింట్లో బెండకాయలు తరుగుతుంటే, ముందుగదిలో శ్రీవాణి ఫోను పట్టుకుని తల్లికి ఫిర్యాదులు చెబుతోంది. నాన్న గురక పెడుతున్నాడు. లెక్కలు చెప్పమంటే తప్పు చెప్పి నన్నే తిట్టేడు. నా చెప్పు తెగిపోతే తాడుతో కట్టి బడికి పంపేడు, అందరూ నవ్వేరు. ధర్మరాజుకి చెవులు వేడెక్కాయి. తాడు గట్టిదే కట్టానని అందామనుకున్నాడు.

"ఇంకా?" అంటోంది అవతల లావణ్య. "ఇంకేం చేసేడు చెప్పు."

అతను ఏమీ అనకుండా కత్తిపీట ముందు కూర్చుని, మిగతావి కూడా వినడం మొదలుపెట్టాడు.